నాలుగో సర్వర్ మీది చీటీ

జూలై 31, ఉదయం 10:20. వేరుశనగ పంట బీమా నమోదుకు చివరి రోజు. అనంతపురంలోని మా కార్యాలయంలో దరఖాస్తులను భద్రపరిచే సర్వర్ చెడితే, బదులు కొత్తది పెట్టాము. దరఖాస్తులను దానికి మళ్లించే ఫైలును, రైతుల నుంచి వాటిని అందుకునే నాలుగు వెబ్ సర్వర్లకూ నేనే ఒకేసారి పంపాను.

“అయిపోయిందన్నా” అన్నాను మా విభాగం పెద్దాయనతో.

“పంపినావు సరే, చేరినాదో లేదో చూసినావా అప్పా?”

ఆయన ఎప్పటిలాగే ఒక్కొక్క సర్వర్ దగ్గరికీ నడిచి, తెరమీద వేలుంచి, ఫైలంతా చదివారు. నాలుగోదానిలో పాత ఫైలే ఉంది. దాని గుండా వచ్చే కంబదూరు మండలం రైతుల దరఖాస్తులు చెడిన సర్వర్‌కే పోయి ఆగిపోయాయి.

ఆయన నన్ను తిట్టలేదు. “ఫోన్ తీయప్పా, వాళ్లను పిలిపించి మళ్లీ దరఖాస్తు పెట్టిద్దాం” అన్నారు.

సాయంత్రం దాకా ఫోన్‌కు దొరకని ఇద్దరి పేర్లు చీటీపై రాసి నాలుగో సర్వర్‌కు అంటించారు. ఆయన పదవీ విరమణ చేసినా దాన్ని నేను తీయలేదు.

ఆగినవి పదకొండు, తిరిగి ఎక్కినవి తొమ్మిది, పోయినవి రెండు.