జ్ఞానాంబ టీచర్ చెయ్యి కడగలేదు

మా లెక్కల టీచర్ జ్ఞానాంబగారు పిలవని ఇంటికి భోజనానికి వెళ్ళేవారు. పిలిచిన ఇంటికి చచ్చినా వెళ్ళేవారు కాదు. తిరుపతిలో ఏ మూల ఎవరు తాలింపు వేసినా మా కాన్వెంటు తొమ్మిదో తరగతిలో ఆవిడకు తుమ్ము వచ్చేదనీ, ఆ తుమ్ముకు నల్లబల్ల మీది లెక్క సగం చెరిగిపోయేదనీ నేను ప్రమాణం చేసి చెప్పగలను.

మా అమ్మ ఆదిలక్ష్మమ్మకు ఇది పరువు సమస్య అయింది. మూడేళ్ళుగా పిలుస్తోంది. "ఇంకోసారి వస్తాలేమ్మా" అనడమే తప్ప టీచర్ వచ్చింది లేదు. అలాంటిది 1977 కార్తీకంలో ఒక ఆదివారం, ఆవిడ తిరుచానూరులో పూలు కట్టి అమ్మే కుప్పయ్య ఇంటికి పోతున్నారని తెలిసింది. కుప్పయ్య కూతురు మునిలక్ష్మి మా క్లాసే. వారం నుంచి బడికి రావడం లేదు.

"నువ్వూ ఎనకాలే పోరా. ఆ యింట్లో ఏం తినిందో సూసిరా. అదే వండుతా," అని అమ్మ నన్ను గూఢచారిగా పంపింది.

నేను చేరేసరికి టీచర్ కుప్పయ్య వసారాలో కూర్చుని రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి తింటున్నారు. నా కళ్ళముందే ఏడు ముద్దలు. ఆఖరికి కుప్పయ్య చెంబుతో నీళ్ళు తెచ్చాడు.

"చెయ్యి కడుక్కోండి టీచరమ్మా."

"కడగను కుప్పయ్యా."

"అదేందమ్మా! ఉప్పెక్కువైందా?"

"శనివారం చిత్తూరులో స్కాలర్‌షిప్పు పరీక్ష ఉండాది. నీ బిడ్డను పంపిస్తానని మాటియ్యి, కడుగుతా."

"అమ్మవారి బ్రహ్మోత్సవాలు తల్లీ! పూలెవరు కడతారు? అయినా కట్టేదానికి వేళ్ళుంటే సాలు, లెక్కలెందుకు?"

టీచర్ గుమ్మంలో పూలు కడుతున్న మునిలక్ష్మి వైపు తిరిగారు. "మూరకు ముప్పై ఏడు కనకాంబరాలైతే నూట ఇరవై మూరలకు ఎన్ని పాపా?"

"నాలుగువేల నాలుగొందల నలభై టీచర్," అంది ఆ పిల్ల, దారం ఆపకుండానే.

"సూసినావా అప్పా? నువ్వు ఎంచేలోగా ఆ పూలు వాడిపోతాయి."

కుప్పయ్య మీసాల్లో మురిశాడే గానీ మాట ఇవ్వలేదు. టీచర్ చెయ్యి ఎండిపోయింది. తిన్న మనిషి ఎంగిలి చేత్తో కూర్చునుంటే ఇంటాయన కదలలేడు. వీధి ఊరుకోదు. ఎదురింటి తాయమ్మ బిందె ఎత్తుకుని రానే వచ్చింది.

"ఏం కుప్పయ్యా, నీళ్ళు ల్యావా? ఇంటికొచ్చినామెను ఎంగిలి చేత్తో కూసోబెడతావా?"

"రాస్తాది తల్లీ, రాస్తాది!" అన్నాడు కుప్పయ్య. "మొదట చెయ్యి కడుగు!"

మునిలక్ష్మి పరీక్ష రాసింది, స్కాలర్‌షిప్పూ తెచ్చుకుంది. ఆ శనివారం తిరుచానూరులో కూర్చుని పూలు కట్టింది మాత్రం జ్ఞానాంబ టీచరే. "ఇది పూలదండా, ఎద్దును కట్టే పలుపా?" అని కొనేవాళ్ళు అడిగారట.

అప్పుడు అర్థమైంది నాకు. తెలివి ఉండీ చదువు ఆగిపోయే పిల్లలున్న ఇళ్ళలోనే ఆవిడకు ఆకలి వేస్తుంది. నాకు చదువు ఆగే ప్రమాదం లేదు, తెలివి ఉన్న ప్రమాదమూ లేదు. ఈ నిజం అమ్మకెలా చెప్పను?

"సంగటి వండినా రాదమ్మా. టీచరుకు మన నెయ్యి పడదంట. వేలూరు డాక్టరు చెప్పినాడంట. ఒక్క చుక్క తగిలినా తెలుగు మరిచిపోయి అరవం మాట్లాడతాదంట," అన్నాను.

అమ్మ ఊరుకోక, బడికి వెళ్ళి టీచర్‌ను జాలిగా పరామర్శించి వచ్చింది.

మరుసటి ఆదివారం టీచర్ పిలవకుండానే మా ఇంట్లో ప్రత్యక్షం! నేతిగిన్నె బోర్లించుకుని తిని, స్వచ్ఛమైన తెలుగులో అడిగారు. "ఆ అరవం కథ అల్లింది వీడేనా?"

అమ్మ తెడ్డు అందుకుంది.

"కొట్టొద్దమ్మా. తడుముకోకుండా ఇంత అబద్ధం చెప్పేవాడు నా క్లాసులో ఇంకొకడు లేడు. వీడికో లావుపాటి నోటుబుక్కు కొనిస్తానని మాటియ్యి. అంతదాకా చెయ్యి కడగను."

"కొనిస్తాను టీచర్," అంది అమ్మ, తెడ్డు దించి. "అయినా అప్పుడే కడగొద్దండి. పాయసం ఉండాది."