పెళ్ళి చీరకెక్కిన రెండు వేల నోటు

రెండు వేల రూపాయల నోటు ఇప్పుడు ఎవరి జేబులోనూ కనబడదు. చట్టం ప్రకారం ఇంకా చెల్లుతుందంటారు గానీ, బ్యాంకులు వెనక్కి తీసుకున్నాక నేను మళ్ళీ చూడలేదు. కొత్తగా వచ్చినప్పుడు మాత్రం స్కేలు పెట్టి కొలిచాను. పొడవు నూట అరవై ఆరు మిల్లీమీటర్లు, వెడల్పు అరవై ఆరు. ఆ కొలతకు ఏటీఎంలలో అరలు మార్చాల్సి వచ్చింది. నోటు రాణీ రంగు. వెనక అంగారకుడి దగ్గరికి వెళ్ళిన ఉపగ్రహం బొమ్మ. నంబరులో అంకెలు చిన్నగా మొదలై కుడివైపుకు పెద్దవవుతూ పోతాయి.

ఆ నోటు గురించి నా నోట ఇప్పటికీ మంచి మాటే వస్తుంది.

నేను బడిలో ఏడో తరగతి దాటలేదు. పోగులు లెక్కపెట్టి, గ్రాఫు కాగితం మీద చీరల్లో నేసే బొమ్మలు, బుటాలు గీయడం సొంతంగా నేర్చుకున్నాను. గద్వాలలో నా గ్రాఫులు ఎక్కువగా నేసేది మా పక్కింటి అక్క. పాత నోట్లు రద్దయిన ఆ చలికాలంలో చీరలు కొనేవాళ్ళు లేక మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అక్క భర్త హైదరాబాదులో వాచ్‌మన్‌గా చేరాడు. చేతిలో ఉన్న ఒక్క చీరా పోతే మగ్గం విప్పి తానూ వెళ్ళిపోతానంది అక్క.

ఆ చీర వనపర్తి గింజల వ్యాపారిది, కూతురి పెళ్ళికి. బయానాగా, అంటే ముందు సొమ్ముగా, కొత్త రెండు వేల నోటే ఇచ్చాడు.

"గీ నోటున్నట్టే ఉండాలె చీర. రంగు గదే, కొంగుల రాకెట్ గదే. నాగర్‌కర్నూల్ల పెండ్లి, అందరు సూడాలె."

"రాకెట్ గాదు సేటు, ఉపగ్రహమంట. మా తమ్ముడు గీస్తడు," అంది అక్క.

గీశాను. బుటాలో పట్టే పోగులు కొన్నే కాబట్టి గుండ్రాలన్నీ మెట్లు మెట్లుగా వచ్చాయి. గొడుగులాంటి భాగం తలలా, పక్కకు సాగిన పలకలు తోకలా తేలాయి. మొదటి బుటా నేశాక చూసుకొమ్మని కబురు పెడితే వ్యాపారి తన తల్లిని కూడా తీసుకొచ్చాడు.

"అయ్యో నా తల్లీ! పెండ్లిపిల్ల కొంగుల తేలు నేసిన్రేంది?" అందా ముసలమ్మ.

"తేలు గాదవ్వా, ఆకాశంల తిరిగేది," అంది అక్క.

"తిరిగితే తిరగనీ. నా మనవరాలి భుజం మీద ఎందుకు తిరగాలె?"

వ్యాపారి ముఖం ముడుచుకున్నాడు. "బయానా నువ్వే ఉంచుకో. చీర మాత్రం వద్దు," అని చెప్పులు వేసుకోబోయాడు.

"జర ఆగు సేటు," అంటూ అక్క అరలోంచి ఆ నోటే తీసింది. ముసలమ్మను గడపలోకి, ఎండలోకి పిలిచింది. నోటులో నిలువుగా దిగిన మెరుపు తీగను చూపించి నోటును అటూ ఇటూ వంచింది. ఆకుపచ్చగా ఉన్న తీగ నీలంగా మారింది, మళ్ళీ పచ్చబడింది.

"ఒక్క తీగెకు రెండు రంగులెట్లొచ్చెనే?"

"నోట్ల ఎట్లొచ్చెనో నాకు తెల్వదు. మగ్గం మీద నేను తెస్త. అంచుకు నిలువు పోగు పచ్చదే ఉన్నది, అడ్డపోగు నీలం తోల్త. తేలును ఇప్పేస్త."

గద్వాల చీరలో అంచుకు అడ్డపోగు తోలే నాడె వేరుగా నడుస్తుంది, అందుకే నిలువు పోగుల పడుగు మార్చకుండా ఆ పని కుదిరింది. అక్క నాడెలో నీలం పట్టు చుట్టిన కండె పెట్టి వాళ్ళ ముందే నాలుగు వేళ్ళ వెడల్పు నేసింది. ముసలమ్మ వంగి, తల అటూ ఇటూ తిప్పి చూసింది. వ్యాపారి మాత్రం తల్లి ముఖం వైపే చూస్తున్నాడు.

"మంచిగున్నది. నాగ్గూడ ఒకటి నెయ్యి బిడ్డా. అంచు జర సన్నగ."

పెళ్ళిలో ఆ అంచు చూసినవాళ్ళు నాగర్‌కర్నూల్ నుంచి వెతుక్కుంటూ వచ్చారు. ఎండాకాలానికి అక్క భర్త వాచ్‌మన్ కొలువు మాని వచ్చి, కండెలు చుట్టడానికి కూర్చున్నాడు.