కార్జం కూర మీద అనుమానం

నాకు అనుమానం ఎక్కువ. పాలు చిక్కగా ఉన్నా అనుమానమే, పలచగా ఉన్నా అనుమానమే. వనపర్తిలో మా అమ్మ విసిగిపోయి, "అత్తగారింటికి పోతే నువ్వు ఎట్ల బతుకుతవో ఏమో" అనేది. రెండు వేల ఆరులో గద్వాల దగ్గర పల్లెకు కోడలిగా వెళ్ళాక, అనుమానించడానికి నాకు సొంతంగా ఒక అత్తమ్మ దొరికింది.

నేను నెల తప్పానని తెలిసిన రోజు నుంచే ఆమె మేక కార్జం, అంటే లివరు, వండిపెట్టడం మొదలుపెట్టింది. మా ఆయన సీడు పత్తి చేనికి బయలుదేరడం ఆలస్యం, గిన్నె నా ముందుకు వచ్చేది.

"తిను బిడ్డా. నీ మొగుడు కడుపుల ఉన్నప్పుడు, పొద్దుగూకితె నాకు ఎదుటి గోడ గూడ కనవడకపోతుండె. కార్జం తింటెనె సూపు తిరిగొచ్చింది."

రేచీకటి ఎప్పుడో ఆమెకు వస్తే కూర ఇప్పుడు నేనెందుకు తినాలి? పైగా ఆ గిన్నెలోంచి ఆమె ఒక్క ముక్క కూడా నోట్లో వేసుకునేది కాదు. తన తమ్ముడి బిడ్డను కోడలిగా తెచ్చుకోవాలని ఆమెకు ఉండేదని నేను పెళ్ళి పందిట్లోనే విన్నాను. ఆ మాట నా కడుపులో అట్లాగే ఉండిపోయింది.

ఒకరోజు అంగన్‌వాడీలో నర్సమ్మ పిల్లలకు చెంచాతో పసుపుపచ్చ మందు వేస్తోంది. అత్తమ్మ నన్ను ముందుకు తోసి, "మా కోడలికి గూడ ఒక చెంచా పొయ్యమ్మా" అంది.

"వద్దు పెద్దమ్మా! ఇది విటమిన్ ఏ. కొత్తగ కడుపుతోని ఉన్నోళ్ళకు గింత ఎక్కువ పడదు. లోపల పిల్లకు కాళ్ళు చేతులు తయారయ్యే రోజులివి, తేడా వస్తది. కార్జంల గూడ గదే ఉంటది. జర ఆపు."

మర్నాడు కూడా కార్జం వచ్చింది. "తక్కువనే పెట్టిన" అంది అత్తమ్మ. ఇక నాకు సందేహం లేకపోయింది. కావాలనే పెడుతోంది. ముక్కలు కొంగుచాటున తీసుకుపోయి పిల్లికి వేశాను. దానికి ఏమవుతుందోనని మూడు రోజులు వెంట తిరిగి చూశాను. అది శుభ్రంగా బలిసింది.

ఆ వారమే గద్వాలలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మా ఆయన దవాఖాన ముందు నన్ను దింపి మందుల షాపుకు, అంటే పత్తి మందులకు, పోయాడు. నేను అత్తమ్మ మీద ఉన్నవన్నీ ఏకరువు పెట్టాను. డాక్టరమ్మ ఓపిగ్గా విని, కార్జం మానేయమని చెప్పి, "ఇంకేమన్న గోలీలు వాడుతున్నవా?" అని అడిగింది.

"ఏం లేవు మేడం. పెండ్లికి ముందర నుంచి మొటిమలకు వేసుకుంటుంటి. వాంతులైతున్నయని పదిహేను రోజుల కింద బంద్ చేసిన."

ఆమె రాయడం ఆపింది. పేరేమిటంది. నాకు తెలియదు. వనపర్తిలో మందుల దుకాణంలో చీటీ లేకుండానే కొన్నాను. డబ్బా మీద నిండు గర్భిణి బొమ్మ, ఆ బొమ్మ మీద అడ్డగీత ఉంటాయని చెప్పాను.

"ఆ గీత ఎందుకున్నదనుకున్నవమ్మా?"

"పిల్లలు కాకుంట గూడ పనిచేస్తదనుకున్న."

అందుకే పెళ్ళయ్యాక కూడా వేసుకున్నాను. మొహం నున్నగా ఉంటుంది, అప్పుడే పిల్లలూ పుట్టరు. అందరినీ అనుమానించిన నేను ఆ బొమ్మను మాత్రం నమ్మాను. అవి కూడా విటమిన్ ఏ జాతివేననీ, కార్జం కంటే ఎన్నో రెట్లు గట్టివనీ డాక్టరమ్మ చెప్పింది. మొదటి రెండు నెలల్లోనే బిడ్డకు చేతులు, కాళ్ళు మొగ్గల్లా బయటికి వస్తాయట. ఎముక ఎక్కడ పెరగాలో, వేలు ఎక్కడ విడిపోవాలో అప్పుడే తేలుతుందట. తల, గుండె కూడా చూసుకోవాలంది. కొందరు తీసేయించుకుంటారనీ, నిర్ణయం నాదేననీ చెప్పింది. ఉంచుకుంటానన్నాను. అంత భయం నాకు మళ్ళీ ఎప్పుడూ వేయలేదు.

ఐదో నెలలో స్కానింగుకు వనపర్తి వెళ్ళాం. అత్తమ్మ తోడు వచ్చింది. బస్సు బీచుపల్లి దాటుతుంటే అంజన్నకు దండం పెట్టుకుని, నావైపు తిరిగింది.

"ఆడో మొగో తెలుసుకుందామనేనా గింత ఉరుకుడు? నిజం చెప్పు."

ఇప్పుడు అనుమానం ఆమెది. స్కానింగు గది ముందు బల్ల మీద కూర్చుని, మా ఆయనకు కూడా చెప్పని గోలీల సంగతి మొత్తం చెప్పేశాను.

"నాకు ముందుగాల్నే ఎందుకు చెప్పలే?"

"నీ మీద నమ్మకం లేక, అత్తమ్మా."

చేతులు, కాళ్ళు ఉన్నాయనీ, పిడికిళ్ళు మూసి ఉండటంతో వేళ్ళు సరిగా కనబడలేదనీ, పుట్టాకే చూడాలనీ స్కానింగు డాక్టరు చెప్పాడు.

తర్వాతి నాలుగు నెలలూ ఆమె ఆ సంగతి కొడుకుతో అనలేదు. దాన్ని కూడా నేను మంచిగా తీసుకోలేదు. ఏదన్నా లోపం తేలితే నలుగురిలో పెట్టడానికే దాచుకుందనుకున్నాను. ఆమె ఎవరితో గొంతు తగ్గించి మాట్లాడినా చెవులు రిక్కించేదాన్ని.

గద్వాల దవాఖానలో కాన్పు అయింది. "ఆడపిల్ల" అంది ఆయా. అత్తమ్మ ఆ మాట పట్టించుకోలేదు. బిడ్డను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, చుట్టిన బట్ట విప్పింది. నాకు ఆమె వీపు మాత్రమే కనిపించింది. ఏం చేస్తోందో తెలియక అరవబోయాను. అంతలో ఆమె వచ్చి బిడ్డను నా పక్కన పడుకోబెట్టింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఇరవై ఉన్నయి. నువ్వు గూడ సూసుకో. నా మాట నమ్మవు గద."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా లెక్కపెట్టుకున్నాను.