రోమ్‌కి బదులు సెయింట్ అగస్టీన్

మా హనీమూన్ రోమ్‌లో జరగాల్సింది. టికెట్లు బుక్ చేశాకగానీ ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు, పాస్‌పోర్టుల్లో మా వీసా స్టాంపుల గడువు ఎప్పుడో అయిపోయిందని. అమెరికాలో ఉన్నన్నాళ్లూ ఫరవాలేదు. ఒక్కసారి బయటికి వెళ్తే, కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ దొరికి కొత్త స్టాంపు పడేదాకా మళ్లీ లోపలికి రానివ్వరు. ఎదుటివాళ్ల కోడ్‌లో తప్పులు పట్టి జీతాలు తీసుకునే ఇద్దరు ఇంజనీర్లు చేసిన ఘనకార్యం ఇది. టికెట్లు క్యాన్సిల్ చేసి, అతను రెండు రోజులు వెతికి ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్ అనే ఊరు పట్టుకొచ్చాడు. నాలుగున్నర శతాబ్దాల కిందట స్పెయిన్ వాళ్లు కట్టిన ఊరు. "మనం యూరప్ వెళ్లలేకపోతే ఏం, యూరపే ఇక్కడికొచ్చి కూర్చుంది కదా" అన్నాడు. పెళ్లయి అప్పటికి తొమ్మిది రోజులు. 'మా ఆయన' అనడం ఇంకా నోటికి అలవాటు కాలేదు.

సంబంధం కుదిర్చింది ఇక్కడే ఎడిసన్ అనే ఊళ్లో ఉండే మా పిన్ని. ఇక్కడి బయోడేటాల్లో గోత్రం కింద వరుసలోనే వీసా స్టేటస్ రాస్తారు. నాకు గ్రీన్‌కార్డ్ లైన్‌లో చోటుంది. ఆ లైన్ నా జుట్టు నెరిసినా కదలదనుకోండి, కానీ ఉద్యోగం ఉన్నంతకాలం నన్ను పొమ్మనేవాళ్లు లేరు. అతని కంపెనీ అతనికి గ్రీన్‌కార్డ్ పనే మొదలుపెట్టలేదు. అక్టోబర్‌తో అతని వీసాకి ఆరేళ్ల గడువూ నిండిపోతుంది, ఆపైన ఇక్కడ ఉండనివ్వరు. నన్ను చేసుకుంటే నా వీసా మీద ఉండిపోవచ్చు, పనీ చేసుకోవచ్చు. మొదటి ఫోన్ కాల్‌లో అతను ముందు నా ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డ్ లైన్‌లో నేను చేరిన తేదీ అడిగాడు, తర్వాత నాకేం తినడం ఇష్టమో అడిగాడు. రెండింటికీ నవ్వుతూనే జవాబు చెప్పాను. కానీ ఆ వరుస మనసులో ముల్లులా ఉండిపోయింది. నన్ను చేసుకుంటున్నాడా, నా కాగితాల్ని చేసుకుంటున్నాడా? పిన్నిని అడిగితే "ఏదైతే ఏంటే పిచ్చిమొహమా, పిల్లాడు మంచోడు, చేస్కో" అంది.

సెయింట్ అగస్టీన్‌లో మొదటి రోజు పొద్దున అతను స్నానానికి వెళ్లగానే నేను ఆఫీస్ లాప్‌టాప్ తెరిచాను. హనీమూన్‌కి లాప్‌టాపా అని నవ్వకండి, అతనూ తెచ్చుకున్నాడు. పాస్‌వర్డ్ తీసుకోలేదు. ఫోన్‌లో చూస్తే నా సొంత ఈమెయిల్‌కి పదిహేను నిమిషాల మీటింగ్‌కి రమ్మని పిలుపు. కాఫీ తెస్తానని తలుపు బయటి నుంచే కేకేసి కిందికి దిగి, హోటల్ పార్కింగ్‌లో నిలబడి ఆ కాల్ మాట్లాడాను. మా మేనేజర్, పక్కన హెచ్ఆర్ ఆవిడ. నా ఉద్యోగం తీసేశారు. ఆవిడ నా పెళ్లికి శుభాకాంక్షలు కూడా చెప్పింది, పుణ్యాత్మురాలు. ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి అరవై రోజులుంటాయి. దొరక్కపోతే నేను పెట్టె సర్దుకోవాలి, అక్టోబర్ దాటాక అతనూ సర్దుకోవాలి. ఏడుపు రాలేదు. పంటి డాక్టర్ మత్తు ఇంజక్షన్ ఇచ్చాక దవడ ఉన్నట్టూ లేనట్టూ ఉంటుంది చూడండి, ఒళ్లంతా అలా ఉంది. రెండు కాఫీలు పట్టుకుని పైకెళ్లాను.

వెంటనే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెప్పగానే అతని మొహంలో ముందు నేను కనిపిస్తానో, అక్టోబర్ కనిపిస్తుందో చూడాల్సి వస్తుందని భయం. పెళ్లయిన పదో రోజున అది చూసే ధైర్యం లేకపోయింది.

అతను ఎక్సెల్ షీట్ వేసుకొచ్చాడు. బాత్రూమ్‌కి పది నిమిషాల బఫర్‌తో సహా ఉంది అందులో. మొదటి వరుస, తాగితే యవ్వనం తిరిగొస్తుందని చెప్పుకునే ఊట. చిన్న పేపర్ కప్పులో పోసిస్తారు, గంధకం కంపు. "తాగు మేడమ్, ఇద్దరం మళ్లీ ట్వెంటీ టూ అయిపోదాం" అన్నాడు. "అమ్మో, మళ్లీ ఆ హెచ్ వన్ వీసా లాటరీ ఎవడు వేస్తాడు?" అన్నాను. అతను నీళ్లు ఒలికేలా నవ్వాడు. నా నోరు దానంతటది జోకులు వేస్తోందని నాకు ఆశ్చర్యం వేసింది.

తర్వాత సన్నటి వీధులు, చెక్క బాల్కనీలు, గుర్రపు బండి. ప్రతి మలుపులో అతను ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాడు. "అచ్చం రోమే, పైగా ఇమిగ్రేషన్ క్యూ లేదు" అని పిన్ని మెసేజ్ పెట్టింది. బండివాడు ఏవేవో యుద్ధాల గురించి చెప్పాడు, ఒక్కటీ చెవికెక్కలేదు. బండి దిగాక అతను జామపండు గుజ్జు పెట్టిన కజ్జికాయ లాంటిదేదో కొనిచ్చాడు, తిన్నాను. తియ్యగా ఉందని తెలుస్తోంది, అంతే. ఆ ఫొటోల్లో నేను చక్కగా నవ్వుతుంటాను. ఇప్పటికీ చూసినవాళ్లు ఎంత హ్యాపీగా ఉన్నారో అంటారు.

మధ్యాహ్నం దాటాక సముద్రం ఒడ్డున కోటకి వెళ్లాం. గవ్వలు గట్టిపడి రాయిగా మారితే ఆ రాళ్లతో కట్టిన కోట. పాతకాలం సైనికుల వేషాల్లో నలుగురు కోటపై అంతస్తులో ఫిరంగి పేల్చి చూపిస్తారు. చెవులు మూసుకోమని ముందే అరిచి చెప్పారు. జనమంతా మూసుకున్నారు. నా చేతులు కిందికి వేలాడుతూనే ఉన్నాయి. అతను చూసి, గబుక్కున తన అరచేతులు తెచ్చి నా చెవుల మీద పెట్టాడు. ఫిరంగి పేలింది. తన చెవులు మూసుకోవడానికి అతనికి చేతులు మిగల్లేదు.

పొగ పోయాక, "ఏమైంది నీకు? పొద్దున్నుంచి చూస్తున్నా" అన్నాడు, చెవి రుద్దుకుంటూ. అప్పుడు చెప్పేశాను. పార్కింగ్, కాల్, అరవై రోజులు, అన్నీ ఆఫీస్ మీటింగ్‌లో రిపోర్ట్ ఇచ్చినట్టు చెప్పాను.

"లాస్ట్ డే ఇవాళా, మంత్ ఎండా?" అన్నాడు.

వచ్చేసింది, అనుకున్నాను. అరవై రోజుల లెక్క మొదలయ్యేది ఆ లాస్ట్ డే నుంచే. పొద్దున్నుంచి నేను భయపడ్డ ప్రశ్న అదే, మాట కూడా మారలేదు. బాధ వేస్తుందేమోనని చూసుకున్నాను, వేయలేదు. "ఇవాళే" అన్నాను.

అతను తలూపి గోడ మీద కూర్చున్నాడు. గోడ రాతిలోని గవ్వల్ని వేలితో ఒక్కోటే తడిమాడు. లెక్కలు వేసుకుంటున్నాడని అనుకున్నాను, వేసుకోనీ అనుకున్నాను.

"పొద్దున కాఫీ తెచ్చావు చూడు," అన్నాడు చివరికి, "అప్పటికే తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి ఆ ఊట, గుర్రబ్బండి, ఆ జోకులు... అయితే రోజంతా హనీమూన్‌లో నేనొక్కడినే ఉన్నానన్నమాట."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు అప్పటికీ రాలేదు. పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకున్నాను. ఎంత పెద్ద తప్పు చేశానో మాత్రం తెలిసింది.