మొగుని పేరు తడుముకోకుండా చెప్పిన మనిషి

1957. ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌గా మారి ఏడాది కూడా కాలేదు. నేను జమ్మలమడుగు తాలూకాలో సబ్ రిజిస్ట్రారుగా ఉన్నాను. సొంతూరు ప్రొద్దుటూరు. మా ఇంట్లో తరతరాలుగా అందరూ గుమాస్తాలే కాబట్టి, ఆఫీసరు కుర్చీలో కూర్చున్నానన్న గర్వం నాకు కాస్త ఎక్కువగానే ఉండేది.

మా పనంటే ముద్రలు కొట్టడమేనని చాలామంది అనుకుంటారు. అసలు పని వేరు. భూమి రాసిచ్చే మనిషిని ఎగ్జిక్యూటెంట్ అంటాం. నా ముందుకొచ్చిన మనిషి ఆ మనిషేనా అని తేల్చుకోవాలి. దానికి ఇద్దరు ఐడెంటిఫయింగ్ విట్నెస్‌లు, అంటే గుర్తింపు సాక్షులు కావాలి. దస్తావేజుకు ఫోటోలు అతికించే రోజులు కావవి. సాక్షులు ‘ఈమే’ అంటే ఈమే. అందుకే నేను సాక్షులను అడిగి ఊరుకోకుండా ఆ మనిషితో కూడా రెండు మాటలు మాట్లాడేవాణ్ణి. చాదస్తమని మా గుమాస్తాలు వెనకాల నవ్వుకునేవాళ్ళు.

ఒకరోజు పెద్దముడియం దగ్గరి పల్లెనుంచి మల్లప్ప అనే రైతు వచ్చాడు. వెంట ముసుగు వేసుకున్న ఒక ఆడమనిషి, ఇద్దరు సాక్షులు, భూమి కొనే ఆసామి. ఆమె తన అక్క ఓబులమ్మ అని చెప్పాడు. పులివెందుల దగ్గర గొర్రెల కాపరులకు ఇచ్చారట. పెళ్ళిలో తండ్రి ఆమె పేరున రాసిన రెండెకరాల నల్లరేగడి ఇప్పుడు అమ్ముతున్నదట. సాక్షులు తలలూపారు.

“నీ పేరేమిటమ్మా?”

“ఓబులమ్మ సామీ.”

“మొగుని పేరు?”

“కొండన్న.”

నా కలం ఆగిపోయింది. ఆ కాలంలో మా సీమలో ఏ ఆడమనిషైనా మొగుని పేరు నోటితో చెప్పిందా? ఆ ప్రశ్న అడగ్గానే తల దించుకునేది, సాక్షి వైపు చూసేది, చంకలో బిడ్డ ఉంటే “మీ నాయన పేరు చెప్పురా” అనేది. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ మా నాన్న పేరు పలకలేదు. ఆ పేరే ఉన్న పక్కింటి పిల్లవాణ్ణి కూడా “ఒరే అబ్బీ” అనే పిలిచేది. ఈమె మాత్రం సంతలో వంకాయలు అడిగినంత సులువుగా చెప్పేసింది.

నేను మెల్లగా మల్లప్పను చూపించాను. “ఈయన నీకేమవుతాడు?”

“తమ్ముడు సామీ.”

“పేరు?”

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

“మల్లప్ప సామీ!” అని అతనే అందుకున్నాడు. “మా యక్కకు శానా సిగ్గు.”

“నిన్నడగలేదప్పా. తమ్ముని పేరు చెప్పడానికి అక్కకు సిగ్గేంది? చెప్పమ్మా.”

చాలాసేపటికి ఆమె నేల చూస్తూ అన్నది: “శ్రీశైలంలో ఉండే సామి పేరే సామీ.”

మా గుమాస్తా నవ్వాపుకోలేక బయటికి పోయాడు. సాక్షులిద్దరూ అతని వెనకే జారుకున్నారు. ఆమె ముసుగు తీసి అక్కడే కూలబడి ఏడ్చేసింది. “నా వల్ల కాదు సామీ. ఆయప్ప నా మొగుడు. నా పేరు సుంకమ్మ. ఏమి చెప్పమంటే అది చెప్తి గానీ, ఆ పేరు యాడ నుంచి తెచ్చేది?”

నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. మల్లప్ప మీద మాత్రం ఒళ్ళు మండింది. మరొకరి పేరుతో వచ్చి దస్తావేజు ఒప్పుకోవడాన్ని ఫాల్స్ పర్సనేషన్ అంటారు. జైలుకు పోయే నేరం. రిజిస్ట్రేషన్ నిరాకరించి, పైఅధికారికి రిపోర్టు రాసి, అసలు ఓబులమ్మకు కబురు పంపాను.

ఆమె మొగుణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. సన్నగా, ఎండకు కమిలి ఉంది. మల్లప్పను, సుంకమ్మను కూడా పిలిపించాను. జరిగింది చెబితే ఓబులమ్మ నమ్మలేనట్టు మరదలి ముఖం చూసింది.

“నేను బతికుండంగానే ఇంగొకతి నేనై వచ్చెనా సామీ? అంటే ఈళ్ళ లెక్కలో నేను సచ్చిపోయినట్లే గదా.”

మల్లప్ప కాళ్ళమీద పడ్డాడు. “తప్పైపాయక్కా. నా చేన్లో బాయి తవ్వుకుందామని ఆశపడితి. అడిగితే నువ్వు ఇయ్యవనుకుంటి.”

“అడిగింటే ఇచ్చేదాన్నో లేదో! ఇయ్యనని చెప్పే హక్కన్నా నాకు మిగల్చల్యా నువ్వు. వానల్లేక మంద సగమైపాయ. ఆ చేని జొన్నలతోనే మా పొయ్యి వెలుగుతాండేది. అది నీకు తెలీదా?”

దస్తావేజు పూర్తికాలేదు కాబట్టి, ఓబులమ్మ కూడా కేసు వద్దన్నది కాబట్టి, పైఅధికారి గట్టిగా హెచ్చరించి వదిలేశారు. భూమి ఆమెకే ఉండిపోయింది. తమ్ముడి ఇంట మంచినీళ్ళయినా తాగకుండా ఆమె బస్సెక్కిందని తెలిసి నాకు మనసు చివుక్కుమంది.

నాలుగేళ్ళు బదిలీల మీద తిరిగి మళ్ళీ అదే ఆఫీసుకు వచ్చాను. ఒకరోజు ఓబులమ్మ, సుంకమ్మ పక్కపక్కనే నా ముందు నిలబడ్డారు. ఏటా ఇన్ని జొన్నలు కొలిచేట్టు ఆ రెండెకరాలు ఐదేళ్ళకు గుత్తకు, అంటే కౌలుకు ఇస్తూ పత్రం రాయించారు. భూమి ఓబులమ్మదే, గుత్తకు తీసుకునేది సుంకమ్మ. మల్లప్ప బయట అరుగుమీద కూర్చున్నాడు.

“తమ్ముని పేరున ఎందుకు రాయించలేదమ్మా?” అన్నాను.

“దున్నేది వాడే సామీ. కాయితం మాత్రం ఈయమ్మ పేరున ఉండల్ల. ఇంతమందిలో మొగుని పేరు చెప్పలేక ఏడ్చిన మనిషి, నా జొన్నలు ఎగ్గొట్టగలదా? ఆ పొద్దు నా పేరు పెట్టుకోనొచ్చె. ఈసారి తన పేరుతోనే రానీ అంటి.”

సుంకమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను కలం తీశాను.

“పేరు?”

“సుంకమ్మ.” ఈసారి ముసుగు లేదు.

“మొగుని పేరు?”

ఆమె తల దించుకుంది. పక్కనుంచి ఓబులమ్మ బయటికి వినపడేలా గట్టిగా అన్నది: “మల్లప్ప సామీ. నా తమ్ముడు.”

“మరి నీ మొగుని పేరో?”

ఓబులమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుంది. సుంకమ్మ అందుకుంది. ఒకనాడు అబద్ధానికి వాడుకున్న ఆ పేరునే చెప్పింది: “కొండన్న సామీ. మా వదిన మొగుడు.”

ఎవరి వివరాలు వాళ్ళే చెప్పాలని పట్టుబట్టే చాదస్తం నాది. ఆ రోజు మాత్రం వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాను. మనిషిని గుర్తుపట్టాలంటే చెప్పే జవాబుతోపాటు చెప్పలేని జవాబు కూడా వినాలని నేను నేర్చుకున్నది ఆ వదినామరదళ్ళ దగ్గరే. నా సర్వీసులో అంతకంటే నమ్మకమైన గుర్తింపు సాక్షులను నేను చూడలేదు.