ఆ ఊఁ కొట్టింది ఎవరు?

ఇది జరిగింది. మా అమ్మ మీద ఒట్టు, తినే అన్నం మీద ఒట్టు... పాప మీద మాత్రం వేయమనకండి. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది.

నాది పిడుగురాళ్లలో సున్నపు బట్టీల దగ్గర కాటా పని. వచ్చే లారీనీ పోయే లారీనీ తూకం వేయాలి. అనుమానపడటమే నా ఉద్యోగం. బండి కిందికి వంగి చూసుకుని గానీ చీటీ రాయను. అలాంటివాణ్ణి నేను.

మా ఇంట్లో ఒక అలవాటుంది. రాత్రి అన్నాలయ్యాక పెద్దవాళ్లు కథల పుస్తకం చదవాలి, పిల్లలు ఊఁ కొట్టాలి. ఊఁ వస్తేనే తర్వాతి వాక్యం. తాత మా నాన్నకు అలాగే చదివాడట, నాన్న నాకు చదివాడు. ఊఁ ఆగిందంటే పిల్లలు నిద్రపోయినట్టే, పుస్తకం మూసేయడమే.

మా పాపకు నాలుగో ఏడు వచ్చినా మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయి, చదివి వినిపిస్తూ ఉండండి అన్నాడు నరసరావుపేట డాక్టరు. రోజూ చదివేవాణ్ణి. పాపకు ఇటు నేను, అటు గోడ వైపు నా భార్య సుజాత. పాప బదులు తనే ఊఁ కొట్టేది. ఆ పిల్ల నోట ఒక్క ఊఁ కోసం మేం మొక్కని దేవుడు లేడు.

ఆ రాత్రి కరెంటు పోయింది. ఫోన్ లైటు పుస్తకం మీద పెట్టుకుని చదువుతున్నాను. గాడిద సంతకు బయల్దేరింది... ఊఁ. దారిలో వాన పట్టుకుంది... ఊఁ. సన్నగా, కాస్త సాగదీస్తూ వస్తోంది. సుజాతకు జలుబు చేసిందేమో అనుకున్నా కూడా. పేజీ తిప్పాను.

అప్పుడు గుర్తొచ్చింది... సుజాత ఇంట్లో లేదు. మధ్యాహ్నమే గురజాలలో వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది. బస్సెక్కించింది నేనే.

గుండె ఝల్లుమంది... భయంతో కాదు, సంతోషంతో. అయితే పలికింది నా బిడ్డే! లైటు పాప వైపు తిప్పాను.

నిద్రపోతోంది. నోరు మూసుకునే ఉంది. పొట్ట మెల్లగా లేచి పడుతోంది. అవతల సుజాత దిండు ఖాళీగా ఉంది.

చదవడం ఆపేశాను. ఫ్యాను చప్పుడు లేదు. రోడ్డు మీద లారీల మోత కూడా లేదు. నా ఊపిరి నాకే వినపడుతోంది...

"ఊఁ."

నేనేమీ చదవకుండానే... ఆ దిండు వైపు నుంచి... తర్వాత ఏమైందో చెప్పమన్నట్టు.

లేచి పారిపోలేదేమని అడగకండి. మధ్యలో పాప ఉంది. ఆపితే ఏం జరుగుతుందోనని కథ చివరిదాకా చదివాను. ప్రతి వాక్యానికీ ఊఁ వచ్చింది. కథ అయిపోయాక రాలేదు.

తెల్లారగానే అన్నీ వెతికాను. ఫోన్లో కాల్ ఏదీ లేదు. గోడ అవతలి ఇంట్లో సుబ్బమ్మ పిన్ని ఒక్కతే ఉంటుంది. రాత్రి నువ్వేమన్నా ఊఁ కొట్టావా అని గట్టిగా అరిచి అడిగాను.

"ఏందిరా నీ గోల? పక్కన పిడుగు పడినా నాకు వినపడదు గదా, నీ కథలేం వినపడతయ్యి?" అంది.

సాయంత్రం సుజాత వచ్చింది. రాత్రి సంగతి నేను తనకు చెప్పలేదు. అన్నాలయ్యాక అదే పుస్తకం తెరిచాను. గాడిద సంతకు బయల్దేరింది... సుజాత నోరు తెరిచేలోపే పాప అంది.

"ఊఁ."

సుజాత బావురుమంది. పాపను గుండెలకు హత్తుకుని, "ఏమయ్యా, విన్నావా? నా తల్లి పలికింది" అంటూ ఒకటే ఏడుపు. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు. ఎంతకాలం ఎదురుచూశాం!

కానీ కాటా దగ్గర కూర్చునే కళ్లు ఊరుకోవుగా. తర్వాత ప్రతి వాక్యానికీ గమనించాను. పాప వెంటనే ఊఁ అనదు. ముందు గోడ వైపు తిరుగుతుంది... ఏదో వింటున్నట్టు ఆగుతుంది... ఆ తర్వాతే అంటుంది. అదే సాగదీత.

ఇప్పుడు చిన్న చిన్న మాటలూ వస్తున్నాయి. సుజాత ఊరంతా చెప్పుకుని మురిసిపోతోంది. తనకెలా చెప్పను? చదవడం మానేస్తే పాప మాట ఎక్కడ ఆగిపోతుందోనని భయం. అందుకే రోజూ చదువుతున్నాను... ఎవరికో మాత్రం తెలియదు.