సలోమి అక్క మళ్ళీ కర్నూలు ఉగ్గాని తిన్నది

నిన్న ఉదయం ఆరున్నరకు సలోమి అక్క వాళ్ళ దానియేలు అన్న పక్క పోర్షన్ నుంచి వచ్చి తలుపు తట్టాడు.

"స్వర్ణమ్మా, సలోమి పోయింది మ్మా. నిద్రలోనే."

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఇక ఎక్కువ రోజులు లేవని వారం నుంచి తెలిసిన సంగతే.

పొయ్యి ఆపి ఒక మాట అడిగాను. "కష్టపడిందా అన్నా?"

"లేదు మ్మా. ఏం కష్టపడలే."

అప్పుడు నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఏడుపు కంటే ముందు అదే వచ్చింది. రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

సలోమి అక్క మా స్కూల్లో లెక్కల టీచర్. నేను సైన్స్. కర్నూలు బుధవారపేటలో పక్క పక్క పోర్షన్లలో పద్దెనిమిదేళ్ళు ఉన్నాం. ఆమె సొంతూరు వేంపల్లె దగ్గర. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా "మీదే ఊరు?" అంటే మాత్రం ఆలోచించకుండా "కర్నూలు" అనేది.

పోయిన సంవత్సరం గొంతులో క్యాన్సర్ అన్నారు.

ఆపరేషన్, రేడియేషన్. మింగడం పోయింది. పొట్టకు పైపు పెట్టారు. వాళ్ళ అన్న దానియేలు వచ్చి వేంపల్లె తీసుకుపోయాడు. చీనీ, అంటే బత్తాయి తోట పని పక్కన పెట్టి, టైమ్ తప్పకుండా పైపులో జావ పోశాడు. పది నెలలు.

ఆ పది నెలలూ అక్క నోట్లోకి ఒక్క మెతుకు పోలేదు.

మాట కూడా సరిగా వచ్చేది కాదు కాబట్టి వాట్సాప్‌లో టైప్ చేసేది. రోజూ పొద్దున ఒకటే ప్రశ్న. "ఈ రోజు ఏం తిన్నావు?"

నాకు చెప్పాలంటే నోరు వచ్చేది కాదు. "ఏమీ తినలేదక్కా" అని పెట్టాను ఒకరోజు.

వెంటనే రిప్లై. "అబద్ధాలాడొద్దు. ప్లేటు ఫోటో పెట్టు."

పెట్టాను. జొన్నరొట్టె, పుంటికూర పప్పు. కాసేపటికి ఇంకో మెసేజ్. "రొట్టె అంచు మాడింది చూడు, అది నాది."

ఆ రోజు నేను స్కూల్లో స్టాఫ్ రూమ్ తలుపు వేసుకుని ఏడ్చాను.

తర్వాత పైపు తీసేశారు. మెత్తటివి కొంచెం కొంచెంగా మింగడం నేర్చుకోవాలన్నాడు డాక్టర్. నేను చూడ్డానికి వేంపల్లె వెళ్ళిన రోజే అక్క బ్యాగు సర్దుకుని కూర్చుంది. గొంతు బొంగురుగా, మాట మాటకూ ఆగుతూ అంది.

"అన్నా, నేను కర్నూలుకు పోతాండా. తోలుకొని పోతావా, బస్సెక్కల్లా?"

అన్నకు కోపం వచ్చింది. "మతి ఉండాదా నీకు? ఆడ గొంతులో ఏమన్నా అడ్డం పడితే ఎవరు చూస్తారు?"

"స్వర్ణ ఉండాది."

కాదనలేకపోయాను. అన్న నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. అయినా కారు తీశాడు. మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల... రాత్రికి కర్నూలు చేరాం.

మరుసటి రోజు పొద్దున ముగ్గురం మా వీధి చివర ఓబులమ్మ టిఫిన్ బండి దగ్గరికి వెళ్ళాం. ఓబులమ్మ గరిటె పక్కన పెట్టేసింది.

"ఏమ్మా టీచరమ్మా, యాడికి పోయినావు ఇన్ని దినాలు? శానా సన్నబడినావే!"

నేను సంగతి చెప్పాను. "కూసో మ్మా. బొరుగులు ఇంకొంచేపు నాననిస్తా. మెత్తగా చేస్తా. కారం ఎయ్యను."

"కారం లేకపోతే అది ఉగ్గానేనా ఓబులమ్మా? రవ్వంత ఎయ్యి," అంది అక్క.

నానబెట్టిన మరమరాలకు తాలింపేసిన ఉగ్గాని వచ్చింది. అక్క సగం స్పూను నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది.

దగ్గు వచ్చింది.

అన్న లేచి నిలబడ్డాడు. నేను నీళ్ళ బాటిల్ మూత తీశాను. అక్క మాత్రం క్లాసులో పిల్లల్ని ఆపినట్టు చెయ్యెత్తి మమ్మల్ని ఆపింది. గడ్డం కిందికి వంచి, కళ్ళు మూసుకుని, మింగింది.

"అన్నా. దిగింది."

ఆయన అటు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఆ ప్లేటు ఖాళీ కావడానికి గంట పట్టింది. మిరపకాయ బజ్జీ పైపొర కొంచెం తుంచి చట్నీలో నానబెట్టుకుని అది కూడా తిన్నది. ఓబులమ్మ బండి చుట్టూ ఆఫీసులకు పోయేవాళ్ళు నిలబడే తిని పోతున్నారు. అక్క వాళ్ళందరినీ చూస్తూ, ముక్కు కారుతుంటే నవ్వుతోంది.

అన్న ఒక్కడే వేంపల్లె తిరిగి వెళ్ళాడు.

అక్కకు కర్నూల్లో ఐదు నెలలు దొరికాయి. పొద్దున ఉగ్గాని, లేకపోతే మెత్తటి దోశ. సాయంత్రం బురుజు వైపు నడిచి వెళ్ళి టీ. ఒక్కోరోజు రెండు గుంతపొంగణాలు. తిన్నదంతా నాకు చెప్పేది, ఏదో ఘనకార్యం చేసినట్టు. నిజంగా ఘనకార్యమే కదా.

క్యాన్సర్ మళ్ళీ, ఈసారి లంగ్స్‌లో కనిపించిందన్నప్పుడు అక్క భయపడలేదు. వేంపల్లెకు మాత్రం రానంది. ఈసారి అన్నే పెట్టె సర్దుకుని కర్నూలు వచ్చాడు.

మొన్న సాయంత్రం కూడా పాలన్నం నాలుగు ముద్దలు తిన్నదట. తన చేత్తోనే.

నిన్న సాయంత్రం ఇక్కడే, కర్నూల్లోనే సమాధి చేశాం. అందరూ వెళ్ళిపోయాక దానియేలు అన్న నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"నేను ఆ పొద్దు వద్దంటి. పోనీకుండా పట్టుకొనుంటే, నా చెల్లెలు ఆకలితోనే పోయుండును మ్మా."

ఇద్దరం ఏడ్చాం. మనసు మాత్రం తేలికైంది.

వెళ్ళిరా సలోమక్కా. ఇక ఏ నొప్పీ లేదు నీకు. నువ్వు నమ్మిన ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండు.